విశ్వవిద్యాలయ గ్రంథాలయ వెబ్‌సైట్లలో వికలాంగ పాఠకుల సేవా సమాచారం: ఒక సమీక్ష

ప్రశ్న స్వరూపం

విశ్వవిద్యాలయ గ్రంథాలయాలు వికలాంగ పాఠకులకు అందించవలసిన సేవల గురించి గ్రంథాలయ శాస్త్రంలో చాలాకాలంగా చర్చ సాగుతోంది. అయితే ఆ సేవలున్న సంగతి పాఠకుడికి ఎలా తెలుస్తుంది, తెలిసిన సమాచారం అతడి నిర్ణయానికి ఎంతవరకు పనికివస్తుంది అన్న ప్రశ్న మాత్రం, గ్రంథాలయంతో తొలి పరిచయం వెబ్‌సైటు ద్వారానే జరిగే కాలం వచ్చిన తరువాతే విడిగా పరిశీలనకు వచ్చింది. బ్రెయిలీ ముద్రణ యంత్రం, అక్షరాలను పెద్దవి చేసి చూపే తెర, పుస్తకాన్ని ర్యాకు నుంచి తెచ్చి ఇచ్చే సిబ్బంది, పాఠ్యగ్రంథాన్ని చదవదగిన రూపంలోకి మార్చి ఇచ్చే ఏర్పాటు అన్నీ ఉన్నా, వాటి ప్రస్తావన వెబ్‌సైటులో కనిపించకపోతే కొత్తగా చేరిన విద్యార్థికి అవి లేనట్టే లెక్క.

రెండు వేరువేరు ప్రశ్నలు ఒకే పేరు కింద కలిసిపోవడం వల్ల ఈ చర్చ చిక్కుపడింది. సుగమ్యత అంటే ఒక భవనాన్నిగానీ, వస్తువునుగానీ, సమాచారాన్నిగానీ ఏ రకమైన వైకల్యం ఉన్నవారైనా అడ్డంకి లేకుండా వాడుకోగలగడం. ఈ అర్థంలో మొదటి ప్రశ్న వెబ్‌సైటు నిర్మాణానికి సంబంధించినది: తెర మీది అక్షరాలను గొంతుగా మార్చి వినిపించే స్క్రీన్ రీడర్‌కు ఆ పేజీలు లొంగుతాయా, మౌసు పట్టుకోలేనివారు కీబోర్డుతోనే వాటిలో తిరగగలరా అన్నది ఇందులోకి వస్తుంది. రెండవ ప్రశ్న ఆ పేజీలు చెప్పే విషయానికి సంబంధించినది: గ్రంథాలయంలో ఏ సేవలున్నాయో, ఎవరిని ఎలా అడగాలో, ఏ సేవలు లేవో వెబ్‌సైటు స్పష్టంగా చెబుతున్నదా అన్నది ఇందులోకి వస్తుంది. ప్రమాణాలన్నిటినీ పాటించిన వెబ్‌సైటు లిఫ్టు గురించి ఒక్క మాటైనా చెప్పకపోవచ్చు. లిఫ్టు, ర్యాంపు, చదువుగదుల వివరాలన్నీ ఇచ్చిన వెబ్‌సైటులో ఆ పేజీకి దారితీసే మెనూ కీబోర్డుకు అందకపోవచ్చు. ఒకదాని ఫలితాన్ని రెండవదానికి సాక్ష్యంగా చూపడం ఈ రంగంలోని రచనల్లో తరచుగా కనిపించే పొరపాటు.

చారిత్రక నేపథ్యం: భవనం నుంచి తెరకు

అమెరికాలో 1973 నాటి పునరావాస చట్టంలోని 504వ సెక్షన్, సమాఖ్య ప్రభుత్వ నిధులు పొందే సంస్థలు వైకల్యం కారణంగా ఎవరినీ తమ కార్యక్రమాలకు దూరం చేయరాదని నిర్దేశించింది. 1990 నాటి అమెరికా వికలాంగుల చట్టం ఈ హక్కును ఇంకా విస్తరించింది. వెబ్ పుట్టుకకు ముందరి ఆలోచనతో రూపొందిన ఈ చట్టాల అమలులో తొలి దృష్టి మెట్లు, తలుపులు, మరుగుదొడ్ల వంటి భౌతిక వసతుల మీదనే నిలిచింది. ప్రభుత్వ సంస్థల ఎలక్ట్రానిక్ సమాచారం వికలాంగులకు అందాలన్న నియమం, పునరావాస చట్టంలోని 508వ సెక్షన్‌కు 1998లో జరిగిన సవరణతో బలం పుంజుకుంది.

సాంకేతిక ప్రమాణాలు కూడా అదే కాలంలో రూపుదిద్దుకున్నాయి. వరల్డ్ వైడ్ వెబ్ కన్సార్టియం 1997లో సుగమ్యత కోసం ఒక ప్రత్యేక విభాగాన్ని ప్రారంభించి, 1999లో వెబ్ సుగమ్యతా మార్గదర్శకాల తొలి రూపాన్ని, 2008లో రెండవ రూపాన్ని వెలువరించింది. ఈ రెండవ రూపం నాలుగు సూత్రాల మీద నిలిచింది: సమాచారం ఏదో ఒక ఇంద్రియానికి అందాలి, పేజీని నడపడం సాధ్యపడాలి, విషయం అర్థం కావాలి, భిన్నమైన సహాయక సాధనాలతో అది నిలకడగా పనిచేయాలి. ప్రతి నియమాన్నీ ఎ, డబుల్ ఎ, ట్రిపుల్ ఎ అనే మూడు స్థాయుల్లో ఒకదానిలో చేర్చారు; చట్టాలు సాధారణంగా మొదటి రెండు స్థాయులనే కోరతాయి. 2018లో 2.1, 2023లో 2.2 రూపాలు వచ్చాయి. ఒకటికన్నా ఎక్కువ పేజీల్లో సహాయం కోరే మార్గం ఉన్నప్పుడు అది వాటన్నిటిలోనూ అదే వరుసలో కనిపించాలని 2.2 రూపంలో చేర్చిన నియమం, నిర్మాణానికీ సమాచారానికీ మధ్యనున్న గీతను కొంత చెరిపివేసింది.

న్యాయపోరాటాలు గ్రంథాలయాలను నేరుగా తాకిన సందర్భాలు కూడా ఈ చరిత్రలో ముఖ్యమైనవి. అమెరికాలోని జాతీయ అంధుల సమాఖ్య 2010లో పెన్సిల్వేనియా స్టేట్ యూనివర్సిటీపై ప్రభుత్వానికి చేసిన ఫిర్యాదులో, బోధనకు వాడే సాఫ్ట్‌వేరుతో పాటు గ్రంథాలయ కేటలాగు కూడా అంధ విద్యార్థులకు అందడం లేదని పేర్కొంది. ఆ వివాదం 2011లో ఒప్పందంతో ముగిసింది. లక్షలాది పుస్తకాల డిజిటల్ ప్రతులను నిర్వహించే హాతీట్రస్ట్‌పై రచయితల సంఘం వేసిన దావాలో, ముద్రిత పుస్తకం చదవలేని పాఠకులకు ఆ ప్రతులను అందించడం న్యాయమైన వినియోగమేనని అప్పీలు న్యాయస్థానం 2014లో తీర్పు చెప్పింది. అమెరికా న్యాయశాఖ 2024 ఏప్రిల్‌లో, రాష్ట్ర, స్థానిక ప్రభుత్వ సంస్థల వెబ్‌సైట్లకు 2.1 రూపంలోని డబుల్ ఎ స్థాయిని ప్రమాణంగా నిర్ణయిస్తూ నిబంధనలు వెలువరించింది. రాష్ట్ర విశ్వవిద్యాలయాల గ్రంథాలయాలు సహజంగానే ఈ పరిధిలోకి వస్తాయి.

సమాచారం చెప్పడాన్నే చట్టబద్ధమైన విధిగా మార్చిన ఘనత మాత్రం ఐరోపాది. 2016లో వచ్చిన ఐరోపా సమాఖ్య ఆదేశం, దాన్ని అనుసరించి బ్రిటన్‌లో 2018లో వచ్చిన నిబంధనలు, ప్రభుత్వరంగ సంస్థలు తమ వెబ్‌సైట్లలో సుగమ్యతా ప్రకటన ఉంచాలని నిర్దేశించాయి. ఆ ప్రకటనలో వెబ్‌సైటులోని ఏ భాగాలు సుగమంగా లేవు, ఎందుకు లేవు, వాటికి ప్రత్యామ్నాయంగా సమాచారం ఎలా పొందాలి, ఇబ్బంది ఎదురైతే ఎవరికి తెలపాలి అన్న వివరాలుండాలి. లోపాలను దాచకుండా పాఠకుడి ముందు పెట్టడాన్ని చట్టం కోరడం ఈ చర్చకు కొత్త మలుపునిచ్చింది. అంతకుముందే, అంతర్జాతీయ గ్రంథాలయ సంఘాల సమాఖ్య 2005లో ప్రచురించిన పరిశీలన జాబితా భవనం, సేవలు, సిబ్బంది శిక్షణ, సమాచార ప్రచారం అన్నిటినీ ఒకే చట్రంలో పెట్టి చూపింది.

పరిశోధనలు నడిచిన దారి

ఈ రంగంలోని పరిశోధనలను స్థూలంగా మూడు దశలుగా విభజించవచ్చు. మొదటి దశ యంత్రంతో కొలిచిన దశ. 1990ల రెండవ భాగంలో అందుబాటులోకి వచ్చిన బాబీ అనే తనిఖీ సాఫ్ట్‌వేరుతో గ్రంథాలయాల ముఖపేజీలను పరీక్షించిన ఎరికా లిలీ, కోనీ వాన్ ఫ్లీట్‌ల 1999 నాటి అధ్యయనం ఇందుకు తొలి ఉదాహరణల్లో ఒకటి. ఆక్సెల్ ష్మెట్జ్కె ఇదే పద్ధతిని కొనసాగించి, డేవిడ్ కోమోతో కలిసి 2007లోనూ 2013లోనూ ప్రచురించిన వ్యాసాల్లో ఉత్తర అమెరికా విశ్వవిద్యాలయ గ్రంథాలయాల వెబ్‌సైట్లలో ఏళ్ల తరబడి వచ్చిన మార్పులను లెక్కగట్టారు. ఒకే కొలతతో మళ్లీ మళ్లీ కొలవడం వల్ల మార్పు దిశ తెలియడం ఈ పద్ధతి బలం. యంత్రానికి దొరికే లోపాలే లెక్కలోకి రావడం దాని బలహీనత. బ్రిటన్ ప్రభుత్వ డిజిటల్ సేవా విభాగం ఒక పేజీలో కావాలనే 140కి పైగా అడ్డంకులను పొందుపరచి తనిఖీ సాధనాలను పరీక్షించినప్పుడు, వాటిలో మేలైనది కూడా సగానికి తక్కువ అడ్డంకులనే గుర్తించగలిగింది.

రెండవ దశలో పరిశోధకులు పేజీలోని మాటల వైపు తిరిగారు. రెబెకా పవర్, క్రిస్ లెబో 2009లో, దృష్టిలోపం ఉండి డేటాబేసులు వాడుకునేవారి అవసరాలను గ్రంథాలయ వెబ్‌సైట్లు ఎంతవరకు పట్టించుకుంటున్నాయని ప్రశ్నించారు. మేరీ క్యాస్నర్, షార్లీన్ మ్యాక్సీ-హారిస్, టోనీ అనాయా 2011లో పెద్ద పరిశోధన గ్రంథాలయాల వెబ్‌సైట్లను తిరగేసి, వికలాంగుల సేవల ప్రస్తావన ఎక్కడుంది, ఏ సేవలను పేర్కొన్నారు అన్న అంశాలను పట్టికలుగా కూర్చారు. స్టెఫానీ గ్రేవ్స్, ఎలిజబెత్ జెర్మన్ 2018లో మరింత లోతుకు వెళ్లి, గ్రంథాలయం విద్యార్థులకు శిక్షణ తరగతులు నిర్వహించే విభాగపు పేజీల్లో వికలాంగ విద్యార్థుల ఊసు కనిపిస్తున్నదా అని చూశారు. ఒక ప్రత్యేక పేజీలో అన్నీ చెప్పి, మిగిలిన పేజీల్లో ఆ పాఠకులు లేనట్టే రాయడం సంస్థ విలువలను పట్టిస్తుందన్న ఆలోచనకు ఈ అధ్యయనం ఊపునిచ్చింది.

మూడవ దశలో పాఠకుడి నోట విన్నారు. అమీలియా బ్రన్‌స్కిల్ 2020లో ప్రచురించిన అధ్యయనంలో వికలాంగ విద్యార్థులతోనే మాట్లాడి, గ్రంథాలయ వెబ్‌సైటులో తమకు ఏ సమాచారం కావాలో, అది ఎక్కడ ఉండాలని ఆశిస్తారో, ఏ మాటలు తమకు ఇబ్బంది కలిగిస్తాయో తెలుసుకున్నారు. సేవల జాబితాతో పాటు భవనంలోని వెలుతురు, చప్పుడు, కుర్చీలు, దారులు వంటి సూక్ష్మవివరాలకు ఆ విద్యార్థులు ఇచ్చిన ప్రాధాన్యం అంతకుముందు పరిశోధకులు తయారుచేసుకున్న పట్టికల్లో తగినంతగా కనిపించలేదు. జె. జె. పయోంకె 2017లో చేసిన సంభాషణల ఆధారిత అధ్యయనం కూడా ఇదే దారిలో, పాఠకుడి అనుభవాన్ని సమగ్రంగా చూడాలని వాదించింది.

ప్రధాన దృక్పథాలు

పై పరిశోధనల వెనుక నాలుగు భిన్నమైన దృక్పథాలు పనిచేస్తున్నాయి. ఒక్కొక్క రచయితా ఏదో ఒక్కదానికే కట్టుబడి ఉంటారని చెప్పలేకపోయినా, వాదోపవాదాల్లో ఇవి స్పష్టంగా వేరుపడి కనిపిస్తాయి.

మొదటిది ప్రమాణ దృక్పథం. కొలవగలిగినదే అమలు చేయించగలమనీ, అందరికీ వర్తించే సాంకేతిక నియమాలు లేకపోతే సుగమ్యత సంస్థల దయాదాక్షిణ్యాల మీద ఆధారపడుతుందనీ ఈ పక్షం వాదిస్తుంది. వాదన బలమైనదే అయినా, ఈ ప్రమాణాలు మాటల నాణ్యతను అంతంత మాత్రంగానే పట్టించుకుంటాయి. సులభమైన భాషలో రాయడానికి సంబంధించిన నియమాన్ని ట్రిపుల్ ఎ స్థాయిలో చేర్చడం వల్ల దాన్ని పాటించవలసిన ఒత్తిడి చాలా సంస్థలకు లేదు.

రెండవది సేవా సమాచార దృక్పథం. వికలాంగుల సేవలన్నిటికీ ఒకే పేజీ ఉండాలనీ, ముఖపేజీ నుంచి ఒకటి రెండు క్లిక్కుల్లో దాన్ని చేరుకోగలగాలనీ, అందులో పేరు, ఫోన్, ఈమెయిలుతో ఒక బాధ్యుడిని చూపాలనీ ఇది కోరుతుంది. గ్రంథాలయాధికారుల్లో ఎక్కువమందికి ఆమోదయోగ్యమైన ఈ పద్ధతికి ఎదురయ్యే విమర్శ ఏమిటంటే, తనను తాను వికలాంగుడిగా భావించుకోని పాఠకుడు, ఉదాహరణకు చూపు మందగించిన వృద్ధ ఆచార్యుడో, చేయి విరిగి కొన్ని వారాలు ఇబ్బంది పడుతున్న విద్యార్థో, ఆ పేరున్న పేజీని తెరవకపోవచ్చు.

మూడవది సార్వత్రిక రూపకల్పన దృక్పథం. వాస్తుశిల్పి రాన్ మేస్ ప్రచారంలోకి తెచ్చిన ఈ భావన ప్రకారం, తరువాత సర్దుబాట్లు చేయనవసరం లేకుండా మొదటే అందరికీ పనికివచ్చేలా వస్తువును రూపొందించాలి. వెబ్‌సైటుకు దీన్ని అన్వయిస్తే, లిఫ్టు సంగతి భవనపు పటంలోనే, పుస్తకం తెచ్చిపెట్టే సేవ సంగతి పుస్తకాల ఎరువు నిబంధనల్లోనే, చదవదగిన ప్రతుల సంగతి అంతర్ గ్రంథాలయ సేవల్లోనే ఉండాలి. సమాచారం ఇలా అన్ని పేజీల్లో చెల్లాచెదురైతే, అవసరమైనవాడు దాన్ని ఏరుకోవడానికే అలసిపోతాడన్నది దీనిపై ఉన్న ప్రధాన అభ్యంతరం.

నాలుగవది వైకల్య న్యాయ దృక్పథం. వైకల్యం మనిషి శరీరంలోని లోపమన్న వైద్య దృష్టిని కాదని, సమాజం నిర్మించిన అడ్డంకులే మనిషిని వికలాంగుడిని చేస్తున్నాయన్న సామాజిక నమూనాను బ్రిటన్‌లో మైకేల్ ఆలివర్ వంటివారు ప్రచారం చేశారు. ఆ నమూనాను ముందుకు తీసుకువెళ్లే ఈ దృక్పథం, అడిగేదాకా ఆగి ఒక్కొక్కరి సమస్యను పరిష్కరించడంతో బాధ్యత తీరదంటుంది. అలానా కుంబియర్, జూలియా స్టార్కీ 2016లో గ్రంథాలయాలకు సంబంధించి ఇదే వాదన వినిపించారు. ఎవరు అడగాలి, ఎన్నిసార్లు అడగాలి, ఎవరికి రుజువు చూపాలి అన్న శ్రమ మొత్తాన్నీ పాఠకుడి నెత్తిన వేసే పేజీ, సమాచారమిచ్చినా అసమానతనే కొనసాగిస్తుందని వీరి నిశ్చితాభిప్రాయం.

ఈ నాలుగింటినీ పక్కపక్కన పెట్టి చూస్తే తేడాలు ఇలా తేలతాయి:

– ప్రమాణ దృక్పథం పేజీ పనితీరును కొలుస్తుంది. దానికి సాక్ష్యం తనిఖీ నివేదిక. దాని లోటు మాటల నాణ్యత.
– సేవా సమాచార దృక్పథం వివరాల సంపూర్ణతను చూస్తుంది. దానికి సాక్ష్యం పేజీలోని విషయం. దాని లోటు ఆ పేజీకి రాని పాఠకుడు.
– సార్వత్రిక రూపకల్పన దృక్పథం వేరు చేయకుండా కలపడాన్ని కోరుతుంది. దానికి సాక్ష్యం వెబ్‌సైటు మొత్తం అమరిక. దాని లోటు వెతుకులాట భారం.
– వైకల్య న్యాయ దృక్పథం శ్రమ ఎవరిదని అడుగుతుంది. దానికి సాక్ష్యం పాఠకుల అనుభవం. దాని లోటు, సంస్థలన్నిటికీ వర్తించే కొలమానం లేకపోవడం.

ఎక్కడ, ఏ మాటల్లో, ఎంత వివరంగా

సిద్ధాంతాల మధ్య తేడాలు ఎన్ని ఉన్నా, ఆచరణలో వివాదమంతా మూడు విషయాల చుట్టూ తిరుగుతుంది. మొదటిది చోటు. సేవల మెనూలోనా, గ్రంథాలయం గురించి చెప్పే మెనూలోనా, పేజీ అడుగున చిన్న అక్షరాల్లోనా అన్నది సంస్థకొక తీరుగా ఉంది. పేజీ అడుగున ఉండే సుగమ్యత లంకె చాలాచోట్ల వెబ్‌సైటు సాంకేతిక ప్రకటనకే దారితీస్తుంది కాబట్టి, ర్యాంపు కోసం వెతికేవాడికి అక్కడ రంగుల వ్యత్యాసం గురించిన వాక్యాలు ఎదురవుతాయి. రెండూ ఒకే పేరుతో ఉన్నప్పుడు పేజీ మొదట్లోనే భవనానికి ఒక లంకె, వెబ్‌సైటుకు ఒక లంకె ఇవ్వడం సులభమైన పరిష్కారం.

రెండవది మాటతీరు. ప్రత్యేక అవసరాలవారు, బాధపడుతున్నవారు వంటి మాటలు జాలిని ధ్వనింపజేస్తాయన్న అభ్యంతరం ఇప్పుడు విస్తృతంగా ఆమోదం పొందింది. దానికన్నా తక్కువగా గమనించిన సంగతి, ఈ పేజీల్లో వాక్యాలు ఎవరిని కర్తగా నిలబెడుతున్నాయన్నది. పాఠకుడు ధ్రువపత్రం సమర్పించవలెను, పాఠకుడు ముందుగా తెలియజేయవలెను అని సాగే పేజీలో సంస్థ చేసే పని ఏదీ కనిపించదు. సిబ్బంది పుస్తకం తెచ్చి కౌంటరులో ఉంచుతారు, ఇన్ని పనిదినాల్లో ప్రతి సిద్ధం చేస్తారు అని రాసిన పేజీలో బాధ్యత ఎవరిదో తెలుస్తుంది.

మూడవది వివరం. వికలాంగులకు తగిన సౌకర్యాలు కలవు, వివరాలకు గ్రంథాలయాధికారిని సంప్రదించగలరు అన్న ఒక్క వాక్యంతో సరిపెట్టే పేజీని తీసుకుంటే, అందులో అబద్ధమేమీ లేకపోయినా చక్రాల కుర్చీలో వచ్చే విద్యార్థి దాన్ని చదివి ఏ నిర్ణయానికీ రాలేడు. అదే చోట, ర్యాంపు వెనుక ద్వారం వద్ద ఉందనీ, ఆ ద్వారం సాయంత్రం ఎన్ని గంటలకు మూసివేస్తారనీ, లిఫ్టు రెండవ అంతస్తు వరకే వెళుతుందనీ, మూడవ అంతస్తులోని పాత పత్రికలు కావాలంటే ఏ నంబరుకు ఫోన్ చేస్తే కింది హాలుకు తెచ్చి ఇస్తారనీ, చక్రాల కుర్చీ పట్టే మరుగుదొడ్డి ఏ అంతస్తులో ఉందనీ రాస్తే, అతడు హాస్టలు గది నుంచే తన రోజును నిర్ణయించుకోగలడు. రెండవ పేజీ భవనపు లోపాలను ఒప్పుకుంటుంది. అందువల్లనే అది పనికివస్తుంది. అయితే ఇలాంటి వివరాలు త్వరగా పాతబడతాయి. మరమ్మతులో ఉన్న లిఫ్టు పనిచేస్తున్నట్టు చూపే పేజీ, ఏమీ చెప్పని పేజీకన్నా ఎక్కువ హాని చేస్తుంది. కాబట్టి వివరాల ప్రశ్న చివరికి నిర్వహణ ప్రశ్నగా, అంటే ఆ పేజీని సరిచూసే పని ఎవరి ఉద్యోగ విధుల్లో ఉందన్న ప్రశ్నగా మారుతుంది.

కొని తెచ్చిన వనరులు: ఎవరి బాధ్యత

నేటి విశ్వవిద్యాలయ గ్రంథాలయం తన పాఠకులకు చూపే సమాచారంలో అధికభాగం దాని సొంతం కాదు. ప్రచురణకర్తల పత్రికలు, ఈ-పుస్తకాల వేదికలు, డేటాబేసులు చందా మీద వస్తాయి. వాటి సుగమ్యతను తయారీదారులే ఒక నిర్ణీత నమూనాలో వివరించే వీపాట్ అనే పత్రం అమెరికాలో వాడుకలో ఉంది. కానీ అది తయారీదారు తన గురించి తాను చెప్పుకునే మాట కావడంతో, బిగ్ టెన్ విశ్వవిద్యాలయాల కూటమి, ఆ తరువాత గ్రంథాలయ సుగమ్యతా కూటమి స్వతంత్ర పరీక్షలు చేయించి ఫలితాలను బహిరంగంగా ఉంచడం మొదలుపెట్టాయి. బ్రిటన్‌లో 2018లో జరిగిన ఆస్పైర్ అనే కార్యక్రమం ఇంకొక మెట్టు ఎక్కి, ప్రచురణకర్తల సుగమ్యతా ప్రకటనలు పాఠకుడికి ఎంత ఉపయోగపడతాయో చూసి వాటికి మార్కులు వేసింది. వనరు నాణ్యతను కాక, దాన్ని గురించి ఇచ్చిన సమాచారపు నాణ్యతను కొలవడం ఇందులోని విశేషం.

ఈ సమాచారాన్ని పాఠకుడి ముందు ఎలా పెట్టాలన్నదానిపై ఏకాభిప్రాయం కుదరలేదు. డేటాబేసుల జాబితాలో ఒక్కొక్క పేరు పక్కనే దాని పరిమితులు రాయాలని కొందరు, అది సాధారణ పాఠకుడికి అర్థంకాని సాంకేతిక భారమని మరికొందరు అంటారు. తన నియంత్రణలో లేని, తాను ఖర్చుపెట్టని బయటివారి సమాచారానికి సంస్థ బాధ్యత వహించనవసరం లేదని ఐరోపా ఆదేశం మినహాయింపునిచ్చినా, చందా చెల్లించి తెచ్చిన వేదిక ఆ మినహాయింపు కిందికి ఎంతవరకు వస్తుందన్నది వాదనకు తావిస్తూనే ఉంది.

భారతదేశంలో, తెలుగు నేలలో

భారతదేశం ఐక్యరాజ్య సమితి వికలాంగుల హక్కుల ఒడంబడికను 2007లో ధ్రువీకరించింది. 1995 నాటి చట్టం స్థానంలో వచ్చిన 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం, గుర్తింపు పొందిన వైకల్యాలను 7 నుంచి 21కి పెంచి, ప్రభుత్వ, ప్రభుత్వ సాయం పొందే ఉన్నత విద్యాసంస్థల ప్రవేశాల్లో 5 శాతం రిజర్వేషన్‌తో పాటు సమాచార సాంకేతికత అందుబాటును కూడా హక్కుగా పేర్కొంది. కాపీరైటు చట్టానికి 2012లో జరిగిన సవరణ పుస్తకాలను చదవదగిన రూపంలోకి మార్చడానికి దారి తెరిచింది. ముద్రిత పుస్తకం చదవలేనివారికి చదవదగిన ప్రతులు అందేందుకు ఉద్దేశించిన మరకేష్ ఒప్పందాన్ని 2014లో ప్రపంచంలో అన్నిటికన్నా ముందు ధ్రువీకరించిన దేశం భారతదేశమే. 2016లో మొదలైన సుగమ్య పుస్తకాలయ అనే ఆన్‌లైన్ గ్రంథాలయం ఈ మార్పులకు ఆచరణరూపం. యూజీసీ 2022లో ఉన్నత విద్యాసంస్థల కోసం సుగమ్యతా మార్గదర్శకాలను వెలువరించింది.

ఈ కథలో హైదరాబాదుకు ప్రత్యక్ష సంబంధం ఉంది. సుగమ్యత అమలు కోరుతూ రాజీవ్ రాతూరి వేసిన కేసులో సుప్రీంకోర్టు దేశంలోని సుగమ్యత స్థితిపై నివేదికను నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయంలోని వైకల్య అధ్యయన కేంద్రం నుంచి తెప్పించుకుంది. 2024 నవంబరులో ఇచ్చిన తీర్పులో, 2017 నాటి నిబంధనల్లోని 15వ నియమం సుగమ్యతా ప్రమాణాలను కేవలం సిఫార్సులుగా మిగిల్చినందున మూలచట్టానికి విరుద్ధమని కోర్టు ప్రకటించి, తప్పనిసరి ప్రమాణాలు రూపొందించాలని కేంద్రాన్ని ఆదేశించింది. డిజిటల్ సేవల అందుబాటు జీవించే హక్కులో భాగమని 2025 ఏప్రిల్‌లో వేరొక కేసులో అదే న్యాయస్థానం స్పష్టం చేసింది.

చట్టం ఇంత ముందుకు నడిచినా, దేశంలోని విద్యాసంస్థల వెబ్‌సైట్లలో సుగమ్యత తరచు ఒక అలంకారంగానే మిగులుతోంది. 2009లో తొలిసారి వచ్చి, 2023లో మూడవ రూపం పొందిన ప్రభుత్వ వెబ్‌సైట్ల మార్గదర్శకాల ప్రభావంతో, పేజీ పైభాగాన అక్షరాలను పెంచే తగ్గించే మూడు బొత్తాములు, స్క్రీన్ రీడర్ సమాచారం అన్న లంకె అనేక వెబ్‌సైట్లలో కనిపిస్తాయి. ఆ లంకె నొక్కితే స్క్రీన్ రీడర్ల పేర్లు, ఉచితమో కాదో తెలిపే పట్టిక తెరుచుకుంటుంది; 2017లోనే అమ్మకం ఆగిపోయిన విండో-ఐస్ అందులో ఇప్పటికీ కనిపించడం అరుదేమీ కాదు. స్క్రీన్ రీడర్ లేనివాడు ఆ పేజీదాకా రాలేడు, ఉన్నవాడికి ఆ పట్టికతో పనిలేదు. గ్రంథాలయంలో ఏ కంప్యూటరులో ఎన్‌వీడీఏ అనే స్క్రీన్ రీడర్ ఉంది, తెలుగు గొంతు అమర్చారా, స్కాన్ చేయించుకోవడానికి ఎవరిని కలవాలి అన్న పనికొచ్చే సంగతులు మాత్రం సాధారణంగా అక్కడ ఉండవు.

భాష మరొక అడ్డంకి. పేజీలోని భాష ఏదో కోడులో చెప్పాలన్నది ఎ స్థాయి ప్రమాణం. తెలుగు పేజీని ఇంగ్లీషుగా ప్రకటిస్తే స్క్రీన్ రీడర్ ఇంగ్లీషు గొంతుతో తడబడుతుంది, లేదా మౌనం వహిస్తుంది. యూనికోడ్‌కు ముందరి అను వంటి ఖతుల్లో టైపు చేసి పీడీఎఫ్‌గా మార్చిన తెలుగు సిద్ధాంత గ్రంథం కంటికి తెలుగుగానే కనిపించినా, లోపల లాటిన్ అక్షరాలూ గుర్తులూ మాత్రమే ఉండటంతో వినేవాడికి అర్థంలేని ధ్వనులే అందుతాయి. బొమ్మలుగా స్కాన్ చేసిన పాత పుస్తకాల నుంచి ఆ మాత్రం శబ్దం కూడా రాదు. ఇటువంటి ఫైళ్ల పక్కన అవి ఏ రూపంలో ఉన్నాయో ఒక్క వాక్యం రాయడం, కోరితే చదవదగిన ప్రతి ఇస్తామని చెప్పడం పెద్ద ఖర్చుతో కూడిన పని కాకపోయినా, పాశ్చాత్య నమూనాలను యథాతథంగా తెచ్చుకున్న పరిశీలన పట్టికల్లో ఈ అంశానికి గడి ఉండదు.

తేలని ప్రశ్నలు

మొదటిది వెల్లడి ప్రశ్న. చాలా విశ్వవిద్యాలయాల్లో సేవ పొందాలంటే వికలాంగుల విభాగంలో నమోదు కావాలి; కానీ మానసిక ఆరోగ్య సమస్యలు, డిస్లెక్సియా వంటి కంటికి కనిపించని స్థితులున్నవారిలో అనేకులు ముద్ర పడుతుందన్న భయంతో నమోదుకు వెనుకాడతారు. అమెరికా వెళ్లే తెలుగు విద్యార్థికి ఇంకొక చిక్కు ఎదురవుతుంది: ఇక్కడి ధ్రువపత్రం వైకల్యాన్ని శాతాల్లో, ప్రధానంగా 40 శాతం అనే గీత ఆధారంగా చూపితే, అక్కడి కార్యాలయాలు రోజువారీ చదువులో ఏ పని ఎలా కష్టమవుతోందన్న వివరణ కోరతాయి. నమోదు లేకుండానే అందే సేవలు ఏవి, నమోదు తప్పనిసరైనవి ఏవి అన్న విభజన పేజీలో ఉండాలన్నంతవరకు అందరూ అంగీకరిస్తారు. గీత ఎక్కడ గీయాలన్నదే తేలలేదు.

రెండవది నిజాయితీకీ న్యాయపరమైన భయానికీ మధ్యనున్న పెనుగులాట. లోపాలు రాసిపెడితే దావాలకు ఆధారమవుతుందని న్యాయ సలహాదారులు, రాయకపోతే పాఠకుడు నష్టపోతాడని గ్రంథాలయాధికారులు భావించే సందర్భాలున్నాయి. బ్రిటన్‌లో చట్టమే బహిరంగ ప్రకటన కోరడంతో ఈ సందేహం కొంత తగ్గింది. అటువంటి నియమం లేనిచోట అస్పష్టమైన హామీలే రాజ్యమేలుతున్నాయి.

మూడవది దొడ్డిదారి పరిష్కారాలది. వెబ్‌సైటుకు ఒక చిన్న కోడు తగిలిస్తే సుగమ్యత దానంతటదే వస్తుందని చెప్పే సాధనాలు సంస్థలను ఆకర్షిస్తున్నాయి. అలాంటి ప్రకటనలు తప్పుదారి పట్టించేవని ఆరోపిస్తూ అమెరికా సమాఖ్య వాణిజ్య కమిషన్ 2025 జనవరిలో ఆక్సెసిబీ అనే కంపెనీపై 10 లక్షల డాలర్ల చెల్లింపుతో కూడిన చర్య తీసుకుంది. అయినా, నిధులూ సిబ్బందీ లేని చిన్న కళాశాల గ్రంథాలయం ఏం చేయాలన్న ప్రశ్న మిగిలే ఉంది.

నాలుగవది కొలమానానికి సంబంధించినది. మంచి సమాచార పేజీ ఉన్నచోట వికలాంగ పాఠకుల రాక, వాడకం పెరిగినట్టు చూపే సాక్ష్యం ఈ రంగంలో బలహీనంగా ఉంది. అధ్యయనాల్లో ఎక్కువభాగం పేజీలను లెక్కించాయి, కొన్ని పాఠకులను అడిగాయి. పేజీ మార్చక ముందు, మార్చిన తరువాత ఏం జరిగిందో పోల్చడం మాత్రం అరుదు.

ఉపసంహారం

ఇంతవరకు సాగిన చర్చ నుంచి కొన్ని విషయాలు స్థిరపడినట్టే భావించవచ్చు. వెబ్‌సైటు సుగమ్యతనూ సేవల సమాచారాన్నీ వేరువేరుగా కొలవాలి, ఒకదానితో రెండవదాన్ని పూరించలేము. ప్రత్యేక పేజీయా, అన్ని పేజీల్లో విస్తరించిన సమాచారమా అన్న వాదంలో రెండు పక్షాలూ సగం సరైనవే. వివరం సంబంధిత పేజీలోనే ఉండి, ప్రత్యేక పేజీ వాటన్నిటికీ సూచికగా పనిచేసే అమరిక రెండిటి లోట్లనూ తగ్గిస్తుంది. లేనిదాన్ని లేదని చెప్పడం ఉన్నదాన్ని ఉందని చెప్పడమంత అవసరం.

స్థిరపడవలసినది అంతకన్నా మౌలికమైనది. సేవలున్నాయి, వాటిని ప్రకటించడం అదనపు పని అన్న అభిప్రాయం గ్రంథాలయ నిర్వహణలో ఉన్నంతకాలం, ఈ పేజీలు ఎవరి విధీ కాని పనిగా మిగిలి పాతబడుతూనే ఉంటాయి. సమాచారం లేకపోవడం వల్ల రాలేకపోయిన పాఠకుడు ఏ లెక్కల్లోనూ కనిపించడు కాబట్టి, తాను అందించే సేవలను వచ్చినవారి సంఖ్యతో కొలుచుకునే గ్రంథాలయానికి ఆ లోటు ఎప్పటికీ తెలియదు. పేజీని సేవలో భాగంగా గుర్తించి, దానికి బాధ్యుడినీ, సరిచూసే తేదీనీ, వికలాంగ పాఠకులతోనే పరీక్షించే పద్ధతినీ ఏర్పరచడం మీదనే ఇకముందు పరిశోధనా, విధానమూ దృష్టి పెట్టవలసి ఉంటుంది. తెలుగు రాష్ట్రాల విశ్వవిద్యాలయాలకు సంబంధించినంతవరకు ఈ పని తెలుగు ఫైళ్ల రూపాన్నీ, తెలుగు గొంతునూ లెక్కలోకి తీసుకునే ఒక పరిశీలన పట్టికతో మొదలుకావాలి. అటువంటి పట్టిక తయారైతేనే ఇక్కడి పరిస్థితిపై ఊహలకు బదులు ఆధారాలతో మాట్లాడడం సాధ్యపడుతుంది.